పురిటి గదిలో మూడో ఊపిరి

తీగ కావాలని పట్టుబట్టింది సుచరితే. ఈ మాట ముందే చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత జరిగింది విన్నవాళ్ళు, పని మీద శ్రద్ధ లేని మనిషెవరో చేసిన నిర్వాకం అనుకుంటారు. కానే కాదు. విజయవాడలోని తీరరక్ష ప్రయోగశాలలో ఆరు నెలలపాటు గొంతు చించుకుని, డైరెక్టరు పరాంకుశంగారికి ఎదురు చెప్పి, చివరికి తన మాటే నెగ్గించుకున్న మనిషి ఆవిడ.

గొడవంతా ఆవిడ కనిపెట్టిన ఊపిరిబోర్డు గురించి. మనిషి ఊపిరి తీసి వదిలినప్పుడు గదిలో గాలి సన్నగా వణుకుతుంది. ఏ ఇద్దరి వణుకూ ఒకలాగా ఉండదు. అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి గోడకు పెడితే, ఆ వణుకుల్ని విడివిడిగా విని గదిలో ఎంతమంది ఉన్నారో చెబుతుంది. దుప్పటి ముసుగేసుకున్నా, కరెంటు పోయి చీకటైనా దానికి లెక్కలేదు. మేకను, కుక్కను మనుషుల్లో కలపదు. అన్ని గదుల డబ్బాలూ తమ అంకెల్ని హాల్లో ఉన్న పెద్ద బోర్డుకు పంపుతాయి, బోర్డు వాటిని కూడి చూపిస్తుంది. తుఫాను వచ్చినప్పుడు ఊరంతా షెల్టరులోకి చేరిందా, ఇంకా ఎవరైనా బయట ఉన్నారా అన్నది కేకలేసి వెతుక్కోకుండా తెలిసిపోవాలి. అందుకోసం పుట్టిన యంత్రం అది.

డబ్బాకూ బోర్డుకూ మధ్య తీగ వేయాలా, వైర్‌లెస్ పెట్టాలా? అక్కడ మొదలైంది పేచీ.

"గోడలకు చిల్లులు, పైపులు, క్లిప్పులు. ఒక్కో భవనానికి వారం పడుతుందమ్మా. వైర్‌లెస్ అయితే జిగురు రాసి అంటించి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు" అన్నారు పరాంకుశంగారు.

"తీగ తెగితే తెగిందని తెలుస్తుంది సార్. వైర్‌లెస్ అలా కాదు, వస్తుంటుంది, పోతుంటుంది. పోయినప్పుడల్లా జనం కంగారుపడతారు. కంగారు పడకుండా ఉండాలని ఎప్పుడో ఒకప్పుడు మనమే దానికి అబద్ధం చెప్పడం నేర్పుతాం."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే, నీ పంతమే కానీ. నెలకు నాలుగు భవనాలు మాత్రం తగ్గకూడదు" అన్నారు. ఆ రోజు సుచరిత ఎంత పొంగిపోయిందంటే, ఇంటికి పోతూ దారిలో ఆగి అరకిలో పూతరేకులు కొనుక్కుపోయింది.

అబద్ధం నేర్పింది ఎవరంటే, ఆవిడే. అదీ ఒకే ఒక్క గదిలో, మడదిబ్బ షెల్టరులో.

మడదిబ్బ కృష్ణ సముద్రంలో కలిసేచోట, మడ అడవిని ఆనుకుని ఉన్న వేటగాళ్ళ ఊరు. అన్నీ తాటాకిళ్ళు. పక్కా కట్టడం అంటే స్తంభాల మీద లేపిన ఆ తుఫాను షెల్టరొక్కటే. ఒక హాలు, ఐదు గదులు. తుఫాను లేని రోజుల్లో దాన్ని ఖాళీగా ఎవరుంచుతారు? హాల్లో వలలు అల్లుకుంటారు. ఒక గదిలో అంగన్‌వాడీ. తూర్పు చివర గది మాత్రం ఊళ్ళో బాలింతలందరికీ పురిటి గది. తాటాకింట్లో ఈదురుగాలికి పసిగుడ్డును పడుకోబెట్టడం కంటే ఇది నయమని పేరంటాలు అనే పెద్దావిడ పెట్టిన ఏర్పాటు. ఎవరు నీళ్ళాడినా గడప దగ్గర వేపమండలు కట్టి, పదకొండు రోజులు కాపలా కూర్చునేది ఆవిడే.

వేసవిలో సుచరిత, వైరింగు చూసే జోజి అక్కడికి బోర్డు బిగించడానికి వెళ్ళారు. హాలూ నాలుగు గదులూ అయిపోయాయి. జోజి డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని ఐదో గది గడప దగ్గరికి పోయేసరికి పేరంటాలు చీపురు అడ్డం పెట్టింది.

"ఆగవయ్యా. లోపల బాలింతుంది. ఇయ్యాల నాలుగోరోజు. మగోళ్ళు గడప తొక్కగూడదు."

"పావుగంట పనండీ మామ్మగారూ. గోడకి చిల్లు పెట్టి తీగ లాగేసి వచ్చేస్తాను."

"చిల్లా? పసిగుడ్డు పక్కన ఆ గుర్రుగుర్రులేంటయ్యా, గుండెలవిసిపోవూ? పదకొండోరోజు పురుడెల్లిపోద్ది. గది కడుక్కుంటాం. అప్పుడొచ్చి నీ ఇష్టమొచ్చినన్ని చిల్లులు పెట్టుకో."

జోజి వెనక్కి తిరిగాడు. "పోనీ మేడం, పదకొండోరోజు నేను బండేసుకుని వచ్చి వేసేస్తాను. అప్పటిదాకా ఈ గది అంకె ఖాళీగా ఉంచుదాం."

మంచి సలహా. విని ఉంటే ఈ కథ లేదు. కానీ ఎల్లుండే ప్రారంభోత్సవం, కలెక్టరాఫీసు నుంచి మనుషులు వస్తున్నారు. ఐదు గదుల్లో ఒకటి ఖాళీగా కనిపిస్తే పరాంకుశంగారు, "చూశావా, అందుకే వైర్‌లెస్ అన్నాను" అంటారు. ఆ మాట పడటం సుచరితకు సుతరామూ ఇష్టం లేదు. సంచిలో పరీక్షల కోసం తెచ్చిన వైర్‌లెస్ డబ్బా ఒకటి ఉంది. తను ఆడమనిషి. కాళ్ళు కడుక్కుని లోపలికి పోతే పేరంటాలు కాదనదు.

సాంబ్రాణి పొగలో బాలింత పిల్లకు పాలిస్తోంది. సుచరిత నవ్వి పలకరించి, మంచం పైన గోడకు జిగురు రాసి డబ్బా అంటించింది. బయట గుమ్మం మీద చిన్న పలకలో ఎర్రగా రెండు అని వెలిగింది. తల్లీ బిడ్డా. పేరంటాలు ముక్కున వేలేసుకుంది. "అది కళ్ళు తెరిచి అయిదురోజులు కాలా, దాన్ని కూడా లెక్కేసిందమ్మా నీ పెట్టె." సుచరితకు అప్పుడు భలే గర్వమేసింది. తర్వాత ఎన్నిసార్లు తల్చుకుని సిగ్గుపడిందో.

ప్రారంభోత్సవానికి ముందు సరిచూస్తున్నప్పుడు ఆ గది అంకె రెండుసార్లు పోయింది. దానిది ఇనప తలుపు. తలుపేసినప్పుడల్లా సిగ్నల్ ఆగి, పలక మీద అడ్డగీతలు వచ్చేవి. ఊరిపెద్ద అంకాలు మీసం దువ్వుకుంటూ వచ్చి, "ఏంటండీ మేడంగారూ, మా బాలింత ఊపిరి బిగబట్టిందంటారా?" అన్నాడు. వల అల్లేవాళ్ళంతా పగలబడి నవ్వారు. సుచరితకు తల కొట్టేసినట్టయింది. ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఒక్క గదికి ఒక మార్పు చేసింది: సిగ్నల్ రాకపోతే, చివరిసారి వచ్చిన అంకెనే చూపించు.

నిమిషం పట్టలేదు. ఇక తలుపేసినా తీసినా రెండు రెండుగానే ఉంది. పదకొండోరోజు తీగ వేసేస్తాం కదా, వారం రోజుల ముచ్చటే కదా అనుకుంది. పదకొండోరోజు వాళ్ళిద్దరూ వేరే ఊళ్ళో వేరే షెల్టరులో ఉన్నారు. ఆ తర్వాత ఇంకో ఊరు. నెలాఖరున నింపిన కాగితంలో 'అన్ని గదులకూ తీగ వేయబడినది' అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేసేటప్పుడు చేయి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. ఈసారి అటు వెళ్ళినప్పుడు వేసేద్దామనుకుని చేసేసింది.

ఆశ్వయుజ మాసంలో తుఫాను వచ్చింది. మిట్టమధ్యాహ్నం చీకటి కమ్మి, గాలి తాటిచెట్ల తలలు విరిచేసింది. ఊరంతా షెల్టరెక్కింది. బోర్డు మీద నాలుగువందల పన్నెండు. ఇంటింటి లెక్కతో సరిపోయింది. అంకాలు తలుపులు మూయించాడు. ఆ రోజు ప్రయోగశాలలో ఆ అంకె చూసి పరాంకుశంగారు అందరికీ టీలు తెప్పించారు. ఆ తుఫానులో మడదిబ్బలో పోయింది ఒకే ఒక్క ప్రాణం. అదీ తనంతట తాను తలుపు తీసుకుని బయటికి పోయిన మనిషిది.

విచారణ కాగితాల్లో అలాగే రాశారు. తొమ్మిదేళ్ళ పావని అనే పిల్ల ఎవరికీ చెప్పకుండా షెల్టరు దాటి వెళ్ళింది. రెండూ నలభైకి బోర్డు ఒకరు తగ్గినట్టు చూపింది. తండ్రి వెతకడానికి వెళ్ళి ఉప్పెన నీటిలో కొట్టుకుపోయాడు. పిల్ల తనే తిరిగొచ్చింది. బోర్డు నూటికి నూరుపాళ్ళు సరిగా పనిచేసింది. ఆ చివరి వాక్యం చూపించి పరాంకుశంగారు ఇంకో మూడువందల షెల్టర్లకు అనుమతి తెచ్చారు.

నెల తిరిగాక బోర్డులు సరిచూడ్డానికి సుచరిత, జోజి మడదిబ్బకు వెళ్ళారు. మెట్ల దగ్గర బక్కపల్చని పిల్ల ఒకతి కూర్చుని ఉంది. ఉండుండి లోపలికి తిరిగి, "ఉన్నానమ్మా" అంటోంది. ఎవరూ పిలవలేదు. మళ్ళీ కాసేపటికి, "ఇక్కడే ఉన్నానమ్మా."

"ఎవరమ్మా ఆ పిల్ల?" అని అడిగింది సుచరిత, తూర్పు గది గడప దగ్గర పేరంటాలు పక్కన కూర్చుంటూ.

పేరంటాలు మొహం తిప్పుకుంది. "నా మనవరాలేనండి. నా కొడుకుని మింగింది." తర్వాత తనే చెప్పుకొచ్చింది. "మావాడి పేరు మోపిదేవండి, సామి వెలిసిన ఊరి పేరే పెట్టుకున్నాం. ఆడి పెళ్ళాం నాంచారికి తుఫానుకి ఆర్రోజుల ముందు మగబిడ్డ. ఇద్దర్నీ ఈ గదిలోనే పెట్టాం. ఈ పిల్ల హాల్లో నాన్న కాడుండాలి. మధ్యాన్నం బోర్డు మీద ఒకటి తగ్గిపోయింది. ఎవురా అని ఇంటింటోళ్ళనీ విడిగా కూకోబెట్టి చూస్తే ఇది లేదు."

"ఈ గదిలో చూడలేదా?"

"నా కొడుకు గుమ్మం కాడికొచ్చి, మూసున్న తలుపు బయట్నించే, నాంచారీ, పాప లోపలికొచ్చిందా అన్నాడు. అదప్పుడే కళ్ళు తెరిచి, రాలేదయ్యా అంది. ఆడు లోపలికి రాబోయాడండి. పురుడని కూడా సూళ్ళా. నేనే అడ్డం పడి, గుమ్మం మీద చూడరా, రెండే ఉంది గదా, తల్లీ బిడ్డేగా అన్నాను. ఆడూ తలెత్తి చూశాడు. రెండే ఉంది. అయితే ఇంటికాడ కట్టేసిన దాని మేకపిల్ల కోసం పోయుంటదని ఎనక తలుపు తీసుకుని పరిగెత్తాడు. మూడోరోజు మడల్లో దొరికాడు."

సుచరిత గుమ్మం మీది పలక వైపు చూసింది. "మరి పిల్ల?"

"ఆడెల్లిన గంటకి జనం మధ్యన నిలబడుంది, గౌనంతా తడుపుకుని. ఎక్కడికి పోయావే అంటే, అమ్మ మంచం కింద పడుకున్నా అంటది. అమ్మ దగ్గర ఉండాలనిపించి, నేను గుమ్మం కాడ కునుకు తీస్తుంటే దూరిందంట. కిటికీలోంచి వాన నీళ్ళు కిందికొచ్చి తడిసిందంట. ఎంత అబద్ధమండీ? మంచం కిందుంటే గుమ్మం మీద మూడు రావాలిగా? నెల్రోజుల్నించి అదే పాట. తప్పయింది అనవే, చాలు అని దానమ్మ బతిమాల్తంది. అన్నా అనదు."

మెట్ల మీద నుంచి పిల్ల గొంతు వినిపించింది. "ఉన్నానమ్మా."

జోజి సుచరిత వైపు చూశాడు. ఆవిడ లేచి తూర్పు గదిలోకి పోయింది. మంచం ఎప్పుడో తీసేశారు. గోడ మీద తను అంటించిన డబ్బా అలాగే ఉంది. గోళ్ళతో పీకి చేతిలోకి తీసుకుంది.

ఆ డబ్బాలో ఒక సంగతి ఉంది. బోర్డుకు పంపినా పంపలేకపోయినా, తను విన్న ఊపిర్లను రెండు నెలలపాటు తన కడుపులో దాచుకుంటుంది. కారులో కూర్చుని ల్యాప్‌టాప్‌కు తగిలించారు. తుఫాను రోజు. ఒంటిగంటకు ఇనప తలుపులు బిగించినప్పటి నుంచి సిగ్నల్ బయటికి పోలేదు; మధ్యలో తలుపు ఓరగా తీసి వేసిన క్షణాలు దానికి చాలలేదు. బోర్డుకు వెళ్ళిన చివరి అంకె రెండు. లోపల డబ్బా మాత్రం వింటూనే ఉంది. రెండూ ముప్పైతొమ్మిది వరకు రెండు గీతలు. రెండూ నలభై నుంచి మూడు. ఆ మూడో గీత గంటకు పైగా అలాగే సాగింది.

"పిల్ల లోపలే ఉంది మేడం" అన్నాడు జోజి. "హాల్లోంచి వెళ్ళిందని తీగ చెప్పింది. ఇక్కడికి వచ్చిందని ఇది చెప్పలేకపోయింది."

"ఇది చెప్పలేకపోతే అడ్డగీతలు వచ్చేవి జోజీ. అడ్డగీతలుంటే మోపిదేవి లోపలికి వచ్చి చూసేవాడు. రెండు అని ఉంచింది నేను."

"పదకొండోరోజు వస్తానన్నది నేను. నేనూ మర్చిపోయాను."

సుచరిత అడ్డంగా తలూపింది. అతను మర్చిపోవడం వేరు, తను సంతకం పెట్టడం వేరు.

మర్నాడు పరాంకుశంగారి గదిలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన చెడ్డమనిషి కాదు. తల పట్టుకున్నారు. తర్వాత తలుపు వేసి వచ్చారు.

"ఆ మనిషిని తిరిగి తేలేం కదమ్మా. వచ్చే తుఫానులోపు మూడువందల ఊళ్ళకు బోర్డు వెళ్ళాలి. ఇది బయటపడితే అన్నీ ఆగుతాయి. ఆ ఊళ్ళల్లో ఎంతమంది ఉన్నారో నీకు నేను చెప్పాలా? ఆ గదికి రేపే తీగ వేయించు. ఆ మార్పు తీసెయ్. కాగితంలో మరమ్మతు అని రాయి. అంతకంటే ఎవరికీ మేలు జరగదు."

ఆ మాట కొట్టిపారేసేది కాదు. అదే వచ్చిన చిక్కు. నిజంగానే మూడువందల ఊళ్ళు. సుచరిత ఆ మాటను వారంరోజులు గట్టిగా పట్టుకుంది. జోజి వెళ్ళి తీగ వేసొచ్చాడు. ఆవిడ 'మరమ్మతు' అని రాసింది. కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచేది. భర్త గిరిధర్ ఏమైందని అడిగితే పని ఒత్తిడంది. అబద్ధాలు ఎంత తేలికో ఆవిడకు ఆ వారంలో బాగా తెలిసొచ్చింది.

ఎనిమిదోరోజు సాయంత్రం ఇంట్లో చిన్న రభస. గిరిధర్ ఫోను పట్టుకుని కూతురు మైత్రేయి మీద కేకలేస్తున్నాడు. ఏడో తరగతి పిల్ల. ఈరోజు బడికి రాలేదని స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది. అక్కడా ఏదో హాజరు యంత్రం పెట్టారు, మెసేజ్ పంపింది అదే.

"వెళ్ళాను నాన్నా. లెక్కల సారు నన్ను బోర్డు దగ్గరికి కూడా పిలిచారు."

"మరి ఈ మెసేజ్ ఏంటి? ఫోను అబద్ధం చెబుతుందా?"

"నేను వెళ్ళాను" అంది పిల్ల మళ్ళీ. ఈసారి గొంతులో బలం తగ్గింది. తండ్రి మొహం, ఫోను మొహం మార్చి మార్చి చూసింది. నిజంగా వెళ్ళానా అని తనను తనే అడుగుతున్నట్టుంది ఆ చూపు.

సుచరిత చేతిలో గరిటె కింద పెట్టింది. "అది వెళ్ళింది. నేను నమ్ముతున్నాను. ఫోను పక్కన పెట్టండి" అంది. కూతుర్ని దగ్గరికి తీసుకుని తలమీద చేయి వేసింది. పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నమ్మేవాళ్ళు దొరికితే గానీ ఏడుపు రాదు పిల్లలకు. మడదిబ్బ మెట్ల మీద కూర్చున్న పిల్ల కంట్లో ఆ రోజు ఒక్క చుక్క లేకపోవడం సుచరితకు అప్పుడు గుర్తొచ్చింది. పావనికి ఇప్పుడు తను గదిలో ఉన్నానో లేదో తనకే అనుమానం వచ్చి ఉంటుంది. మూడువందల ఊళ్ళ కోసం అని ఆ పిల్ల ఒక్కదాన్నీ అలా వదిలేసింది తను. ఉద్యోగం పోతుందన్న భయం కూడా అందులో ఉంది, ఎందుకు దాచుకోవాలి? పేరు పోతుందన్న భయం ఇంకా ఎక్కువ ఉంది.

ఆ మాటలన్నీ భర్తకు చెప్పేసి, రేపు మడదిబ్బ వెళ్ళి ఊరందరి ముందూ చెబుతానంది. గిరిధర్ పొయ్యి ఆర్పి వచ్చి పక్కన కూర్చున్నాడు. చివరికి, "నేనూ రానా?" అన్నాడు. వద్దంది.

పొద్దున్నే పరాంకుశంగారికి నాలుగు వాక్యాల ఉత్తరం రాసి, తన సంతకం ఉన్న పాత కాగితం నకలు జతచేసి, విచారణ జరిపిన ఆఫీసుకు కూడా పంపించింది. మూడువందల షెల్టర్లలో ఒక్క గదిలో కూడా సిగ్నల్ పోతే పాత అంకె నిలపకూడదని చివరి వాక్యం. ఆ తర్వాత బస్సెక్కింది. బస్టాండులో జోజి ఎదురుచూస్తున్నాడు. ఎవరు చెప్పారని అడగలేదు ఆవిడ.

పోటు సమయం కావడంతో పడవలు ఒడ్డునే ఉన్నాయి. మగవాళ్ళు హాల్లో వలలు ముందేసుకుని కూర్చున్నారు. పావని తల్లి నాంచారమ్మ గోడకు ఆనుకుని, చంటివాణ్ణి కాళ్ళ మీద వేసుకుని ఊపుతోంది. పావని ద్వారం దగ్గర, లోపలా కాదు బయటా కాదు అన్నచోట నిలబడి ఉంది. ఊరందరికీ ఒక మాట చెప్పాలని సుచరిత అడిగితే అంకాలు ఇళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళను కూడా పిలిపించాడు.

దారంతా మాటలు పేర్చుకుంది. నిలబడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"తుఫాను రోజు పావని బయటికి పోలేదు" అంది. "వాళ్ళమ్మ గదిలోనే ఉంది. మీ గుమ్మం మీద రెండు అని వెలిగింది చూశారే, అది తప్పు. యంత్రం తప్పు కాదు. నేను చేసిన తప్పు."

అంకాలు చేతిలో వల పక్కన పెట్టాడు. ఆవిడ అంతా చెప్పింది. తీగ వేయాల్సినచోట వేయకపోవడం, అంకె పోతే నవ్వుతారని పాత అంకె నిలిపి ఉంచడం, వేశానని సంతకం పెట్టడం, తెలిశాక కూడా ఎనిమిది రోజులు నోరు మూసుకోవడం. ఏదీ తగ్గించలేదు. పేరంటాలు మధ్యలో, "నేనే అడ్డం పడ్డానమ్మా, రెండే ఉందిరా అని నేనే అన్నా" అని గొణుక్కుంటూ నేల మీద కూలబడిపోయింది.

"బోర్డు అబద్ధమాడిందంటే ఎట్టా నమ్మాలి?" అన్నాడు అంకాలు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగాడు. "నిన్నటిదాకా అదే నిజమన్నారు. ఇయ్యాల కాదంటన్నారు."

జోజి సంచిలోంచి ఆ పాత డబ్బాను తీసి చిన్న స్పీకరుకు తగిలించాడు. సుచరిత ఆ గీతల్ని చెవికి వినపడేలా పెంచి మీట నొక్కింది.

ముందు గాలి హోరు. దాని అడుగున ఒక పెద్ద ఊపిరి, నిదానంగా. దాని పక్కనే పిట్టకు మల్లే గబగబా కొట్టుకునే చిన్న ఊపిరి. కాసేపు అవి రెండే. తర్వాత ఎక్కడి నుంచో మూడోది వచ్చి చేరింది. ముక్కు దిబ్బడేసినట్టు, తీసుకునేటప్పుడు సన్నగా ఈల వేస్తూ, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ ఈల వేస్తూ. ముందు ఆయాసంగా ఉంది. రానురాను నెమ్మదించింది. నిద్రపోయిన పిల్ల ఊపిరి.

నాంచారమ్మ కాళ్ళు ఊపడం ఆపింది. చంటివాణ్ణి పక్కనున్నవాళ్ళ చేతుల్లో పెట్టేసి, పాక్కుంటూ స్పీకరు దగ్గరికి వచ్చింది. చెవి ఆనించింది.

"ఇది మా పాపదే" అంది. "వానాకాలమొస్తే దీనికి ముక్కు దిబ్బడేసి ఇట్టాగే కూత పెడతది. తొమ్మిదేళ్ళనించి నా పక్కలో ఇంటన్నా. నా మంచం కిందే ఉందా? నేనా పైన పడుకుని, లేదయ్యా రాలేదని చెప్పి ఆయన్ని పంపించేశానా?"

స్పీకరులో మూడు ఊపిర్లూ అలా వస్తూనే ఉన్నాయి. సుచరిత ఆపబోయింది. నాంచారమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపనివ్వలేదు.

పావని ద్వారం దగ్గర్నుంచి లోపలికి వచ్చింది. తల్లి ముందు నిలబడింది.

"నే చెప్పలా?" అంది. "నే చెబుతానే ఉన్నాగదమ్మా. నే చెప్పలా?"

తల్లి చేతులు చాచింది. పిల్ల ఆ చేతుల్లోకి పోలేదు. తిరిగి సుచరిత వైపు చూసింది. తర్వాత ఒక్క ఉదుటున మీద పడి రెండు పిడికిళ్ళతో కొట్టడం మొదలుపెట్టింది. పొట్ట మీద, చేతుల మీద, ఎక్కడ తగిలితే అక్కడ. నెలన్నర నుంచి రాని ఏడుపు ఒక్కసారి కట్ట తెగి వచ్చింది. "మా నాన్న" అంటోంది. ఆ తర్వాత మాట రావడం లేదు. మళ్ళీ "మా నాన్న" అంటోంది.

జోజి అడ్డం రాబోయాడు. అంకాలు లేచి పిల్ల రెక్క పట్టుకున్నాడు. "తప్పమ్మా, పెద్దోళ్ళని కొట్టగూడదు."

"వదిలెయ్ బాబాయ్" అంది నాంచారమ్మ. ఆవిడ గొంతులో దయ లేదు, కోపమూ లేదు. "కొట్టనియ్. ఇన్నాళ్ళూ తనని తనే కొట్టుకుంది."

అంకాలు చెయ్యి వదిలేశాడు. పిల్ల దెబ్బలు అందేలా సుచరిత మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు అడ్డం పెట్టుకోలేదు.